మన మెట్ట నేలని, దాని కథల్ని బొమ్మగా వెయ్యాలంటే: గురువు లేకుండా నేర్చుకునేవాళ్ళకి

కనిగిరి, పామూరు, ఉదయగిరి, మార్కాపురం వైపు పిల్లలకి కాగితం ఇచ్చి బొమ్మ వెయ్యమంటే ఏం వేస్తారో చూడండి, కొబ్బరిచెట్లు, పడవ, పచ్చటి వరిచేను, రెండు కొండల మధ్యలో సూర్యుడు. పెద్దయ్యాక సొంతంగా పెయింటింగ్ మొదలుపెట్టినోళ్ళు కూడా ఎక్కువమంది అట్టనే కోనసీమ వేస్తారు, లేకపోతే ఇంటర్నెట్లో దొరికిన స్విట్జర్లాండ్ వేస్తారు. ఇంటి గడప దాటితే కనపడేది మాత్రం ఎర్రనేల, చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), బండరాళ్ళు, ఎండిపోయిన వాగు, దూరంగా నీలంగా వెలికొండలు. దాన్ని చూసి "ఇక్కడ వెయ్యడానికి ఏముంది" అంటారు. ఈ రాసేదంతా ఆ మాట అనుకుంటూ కూర్చున్నోళ్ళ కోసం, ముఖ్యంగా ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోకుండా సొంతంగా తంటాలు పడేవాళ్ళ కోసం. నేను నమ్మేది ఒకటే, ఎండిన నేలని వెయ్యాలంటే దాని మీద ఎండ ఎట్టా కదుల్తుందో తెలియాలి, ఆ నేల మీద నడిచిన కథ తెలియాలి, ఈ రెండూ ఉంటే రంగులు ఐదు చాలు.

ముందు వేరేచోట్ల ఏం చేశారో కొంచెం చెప్తా. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో పపున్యా అని ఒక ఊరుంది, అక్కడ 1971లో ఊరి ఆదివాసీ పెద్దలు స్కూల్ గోడ మీద తేనెచీమల కథ బొమ్మగా వేశారు, అప్పుడు అక్కడ పనిచేసే జెఫ్రీ బార్డన్ అనే టీచరు రంగులిచ్చి ప్రోత్సహించాడు, ఆ తర్వాత చెక్కముక్కల మీద, కాన్వాసుల మీద వెయ్యడం మొదలై లోకమంతా తెలిసిపోయింది. వాళ్ళెవరూ ఆర్ట్ స్కూల్ మొహం చూసినోళ్ళు కాదు. అదే ఎడారిలో ఎమిలీ కామే కుంగ్వారే అనే ఆమె ముందు బాతిక్ (మైనం పూసి అద్దకం వేసే) గుడ్డల మీద పనిచేసి, కాన్వాస్ మీద మొదలుపెట్టేసరికి డెబ్భై దాటి ఎనభైకి దగ్గర్లో ఉంది, 1988-89లో మొదలుపెట్టి 1996లో చనిపోయేదాకా వేస్తానే ఉంది, ఆమె వేసినవి 3000 దాకా ఉంటాయని చెప్తారు. వయసైపోయింది ఇప్పుడేం నేర్చుకుంటాంలే అనుకునేవాళ్ళు ఆమె బొమ్మలు ఒకసారి చూడండి.

మన దేశంలో థార్ ఎడారి వైపు పోతే ఫడ్ అనే గుడ్డ బొమ్మలున్నాయి. పాబూజీ అనే వీరుడి కథ మొత్తం ఒక పొడవాటి గుడ్డ మీద వేసి ఉంటుంది, గుడ్డకి గంజి పెట్టి రాయితో రుద్ది నున్నగా చేసి దాని మీద వేస్తారు, రాత్రిపూట భోపా (కథ పాడే పూజారి) దాన్ని నిలబెట్టి కథ పాడతా ఉంటే ఆయన భార్య దీపం పట్టుకుని ఏ ఘట్టం వస్తే ఆ బొమ్మ దగ్గర వెలుగు చూపిస్తుంది. ఒంటెలు కాసుకునే రబారీలకి పాబూజీ దేవుడు. ఆ ఎడారిలో ఖేజ్డీ చెట్టంటే ప్రాణం, ఆ చెట్లని కొట్టకుండా కావలించుకుని 1730లో ఖేజడ్లీ ఊరి దగ్గర 363 మంది బిష్నోయీలు ప్రాణాలిచ్చారని వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఖేజ్డీ ఇంకేదో కాదు, మనం దసరాకి పూజ చేసే జమ్మిచెట్టే. మన పొలాల్ని కమ్మేసిన చిల్లచెట్టు దాని చుట్టమే, అమెరికా ఖండం నుంచి వచ్చింది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఈ రెండు చోట్లా బొమ్మ వేసినోళ్ళు నేలని సీనరీలాగా చూడలా. ఈ గుట్ట దగ్గర ఫలానా ఆయన ఆగాడు, ఈ బావి దగ్గర ఫలానాది జరిగింది, అట్టా చూశారు. మనం తీసుకోవాల్సింది ఆ చూపు. అంతేగానీ పపున్యావాళ్ళు వేసే చుక్కల డిజైన్లు తెచ్చి మన తాడిచెట్టు మీద పెట్టొద్దు, ఆ ఎడారి బొమ్మల్లో ఏ కథ ఎవరు వెయ్యాలనేది వాళ్ళ కుటుంబాల్లో, తెగల్లో కట్టుబాటు ఉంటుంది, అది వాళ్ళ ఆస్తి. చుక్కలు పెడితే అందంగా ఉంటుందని ఎవరైనా చెప్పినా వద్దనే చెప్తా.

మరి మనకి అంత కథ ఉందా అంటే, ఉంది. కాటమరాజు కథ. 13వ శతాబ్దం నాటి ముచ్చట అంటారు. కనిగిరి సీమ వైపు ఆవుల మందలున్న యాదవుల రాజు కాటమరాజు. కరువొచ్చింది, గడ్డి లేదు, నీళ్ళు లేవు. మందల్ని తోలుకుని దక్షిణంగా నెల్లూరేలే నల్లసిద్ధి రాజు బీళ్ళలోకి వచ్చాడు, పశువులు మేసినందుకు పుల్లరి కడతానని ఒప్పందం. ఆ పుల్లరి దగ్గరే పేచీ వచ్చింది, అది ముదిరి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధమైంది. నల్లసిద్ధి తరఫున వచ్చినోడు ఖడ్గతిక్కన, భారతం రాసిన తిక్కన సోమయాజికి దాయాది. ఈ కథని కొమ్మువాళ్ళు కొమ్ము ఊదుకుంటా తరతరాలుగా పాడారు. మొత్తం కథ ఒకసారి నెమరేసుకోండి, దీనికి మొదలు కరువు, నడిమిది గడ్డి, చివర నెత్తురు. ఆ మూడింటికీ రంగులు మన నేలలోనే ఉన్నాయి.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం.

మొదట కొన్నాళ్ళు రంగు ముట్టుకోవద్దు. ఒక్క చోటు ఎంచుకోండి, ఊరి బయట చెరువు కట్టో, గుట్టో, గొర్రెలు మందేసే బీడో, మీకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. పొద్దున ఎండెక్కక ముందు, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు అదే చోటికి పోయి ఒక చిన్న పుస్తకంలో అగ్గిపెట్టంత గళ్ళు గీసుకుని పెన్సిల్‌తో నలుపు, బూడిద, తెలుపు మూడు రకాలు మాత్రమే పెట్టి వెయ్యండి. వివరాలొద్దు, నీడ ఎక్కడుంది వెలుగు ఎక్కడుంది అంతే. మధ్యాహ్నం చూస్తే తాడిచెట్టు నీడ చెట్టు మొదలు దగ్గర చిన్న ముద్దగా ఉంటుంది, అదే చెట్టు నీడ పొద్దున పడమటికి ఒక చేనంత దూరం సాగి ఉంటుంది, గట్టు అడ్డమొస్తే ఆ గట్టెక్కి దిగుతుంది. నీడ అట్టా ఎక్కి దిగడం వల్లే నేల ఎగుడుదిగుడుగా ఉందని బొమ్మలో తెలుస్తుంది. మెట్ట నేలలో పచ్చదనం తక్కువ కాబట్టి ఆకారమంతా నీడే చెప్పాలి, నీడ తప్పైతే ఎన్ని రంగులేసినా అట్టముక్కలా చదునుగా ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పదకొండు తర్వాత బయట కూర్చోవద్దు, వడదెబ్బ తగుల్తుంది, గొడుగు, నీళ్ళు, తలగుడ్డ లేకుండా పోవద్దు. మధ్యాహ్నం ఎండని చూడాలంటే వేపచెట్టు కిందనుంచి చూడండి. అప్పుడే ఒకటి కనపడుతుంది, మేతకొచ్చిన గొర్రెలు ఎండకి తట్టుకోలేక గుంపుగా దగ్గరికొచ్చి తలలు దించి ఒకదాని నీడలో ఇంకోటి మొహం దాచుకుంటాయి, దూరంనుంచి చూస్తే తలలే లేని ఒక తెల్లటి గుట్టలాగా ఉంటాయి. ఎండ ఎంతుందో చెప్పడానికి ఆకాశంలో సూర్యుణ్ణి పెట్టక్కర్లా, ఆ గొర్రెల్ని వేస్తే చాలు.

సామాను విషయం తొందరగా చెప్పేస్తా. మొదట్లో అక్రిలిక్ (నీళ్ళలో కలిపే, తొందరగా ఆరే రంగులు) కొనుక్కోండి, ఆయిల్ కలర్స్ ఆరడానికి రోజులు పడుతుంది, పోస్టర్ కలర్స్ ఎండకి వెలిసిపోతాయి. ఐదు ట్యూబులు: ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఇండియన్ రెడ్ (ముదురు ఇటుక ఎరుపు), అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), టైటానియం వైట్. నలుపు కొనొద్దు, అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు రంగు కొన్న నలుపు కంటే బతికినట్టు ఉంటుంది, నీలం ఎక్కువేస్తే చల్లటి నలుపు, సియెన్నా ఎక్కువేస్తే వేడి నలుపు. ఆకుపచ్చ కూడా కొనొద్దు, ఆకర్‌లో నీలం కలిపితే వచ్చే మురికి పచ్చే మన చిల్లచెట్టు రంగు, ట్యూబులో పచ్చ తెచ్చి పూస్తే అది గోదావరి జిల్లా అయిపోతుంది. 300 జీఎస్ఎం (మందపాటి) కాగితం గానీ, ప్రైమర్ (రంగుకి ముందు పూసే తెల్ల పూత) రెండు మూడు పూతలు వేసి గరుకు కాగితంతో రుద్దిన ఎండీఎఫ్ చెక్కగానీ తీసుకోండి, కాన్వాస్ తర్వాత చూసుకోవచ్చు. మన ఎండకి అక్రిలిక్ నిమిషాల్లో గట్టిపడుతుంది, కాబట్టి మూతున్న ప్లాస్టిక్ స్వీట్ బాక్సులో తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు అక్కడ పెట్టుకోండి, మూతేస్తే మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి.

గీయడానికి బొగ్గు మాత్రం కొనక్కర్లా. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు గుడ్డ మీద మొదట గీసుకునేది చింతబొగ్గుతోనే. వేలంత లావు చింతపుల్లలు బెరడు తీసి, బిగువు మూతున్న రేకు డబ్బాలో కిక్కిరిసేట్టు పెట్టి, మూతకి మేకుతో ఒక్క చిల్లి కొట్టి, నిప్పుల్లో పెట్టండి. చిల్లిలోనుంచి పొగ వచ్చి వచ్చి ఆగిపోతుంది, అప్పుడు తీసి పక్కన పెట్టి పూర్తిగా చల్లారాకే మూత తియ్యండి, వేడిమీద తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదవుతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, మట్టిరంగులు. ట్యూబుల్లో అమ్మే ఆకర్, సియెన్నా కూడా పుట్టుకతో మట్టే, ఇనుప తుప్పు కలిసిన మట్టి. అది మన కాళ్ళ కింద ఉచితంగా ఉంది, పైగా ఎండకి వెలిసిపోదు. పసుపు, పూల రసాలు అట్టాకాదు, పెట్టిన కొన్నాళ్ళకే పాలిపోతాయి, వాటితో బొమ్మలెయ్యొద్దు. పోయిన చోటల్లా రోడ్డు కటింగుల దగ్గర, బావి తవ్విన చోట, వాగు గట్టు కోసిన చోట మట్టి పొరలు చూడండి, ఎరుపు, ఇటుక రంగు, పసుపు, గులాబీ, తెలుపు వేరువేరుగా కనపడతాయి. ఒక్కో రంగు ఒక కవర్లో వేసి ఊరి పేరు, తేదీ రాసి పెట్టుకోండి, ఈ అలవాటు చాలా విలువైంది, తర్వాత "ఇది పామూరు ఎరుపు, ఇది చెరువు అడుగు బూడిద" అని రంగుల్ని ఊరి పేర్లతో పిలుస్తారు.

మట్టిని రంగుగా చేసేది ఇట్టా. మట్టిగడ్డలు చిదిపి బకెట్ నీళ్ళలో కలిపి బాగా తిప్పండి, ఒక నిమిషం ఆగితే ఇసుక, రాళ్ళు అడుక్కి పోతాయి, పైన తేలే చిక్కటి ఎర్రనీళ్ళు మాత్రం ఇంకో గిన్నెలోకి మెల్లగా వంచుకోండి. ఇట్టా రెండు మూడు సార్లు చేసి ఆ నీళ్ళు రాత్రంతా కదలకుండా పెడితే పొద్దునకి అడుగున మెత్తటి బురద పేరుకుంటుంది, పైన తేట నీళ్ళు పారబోసి బురదని పళ్ళెంలో నీడకి ఆరబెట్టి కల్వంలో నూరాలి. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు, ఇంకా కరకరలాడితే మళ్ళీ నీళ్ళలో వెయ్యండి. సముద్రం వైపు చవుడు నేలల మట్టి తెస్తే మాత్రం నాలుగైదు నీళ్ళు మార్చి కడగాల్సిందే, లేకపోతే బొమ్మ ఆరాక ఉప్పు తెల్లగా పైకి పూస్తుంది. పసుపు మట్టి దొరికితే కొంచెం పాత పెనం మీద బయట పొయ్యి పెట్టి బాగా కాల్చండి, కళ్ళముందే మెల్లగా ఎరుపుకి తిరుగుతుంది, మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడ ఒక కొత్త నారింజ రంగు. ఒకే మట్టినుంచి నాలుగు రంగులు వస్తాయన్నమాట.

అంటుకోవడానికి తుమ్మబంక. ఒక వంతు బంకకి రెండు వంతుల గోరువెచ్చటి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడగట్టండి, రెండు చుక్కలు తేనె వేస్తే ఆరాక పెళుసుగా పగలదు, ఒక చుక్క లవంగ నూనె వేస్తే బూజు పట్టదు. అద్దం ముక్క మీద మట్టిపొడి వేసి ఈ బంకనీళ్ళు కొంచెం కొంచెం పోసి నూరాలి. చిన్న కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి, పొడి వేలికంటితే బంక చాలలా, మెరుస్తూ పగుళ్ళిస్తే బంక ఎక్కువైంది. నల్లరేగడి మట్టి బంక ఎక్కువ తాగుతుంది, అదీగాక దానికి పగిలే గుణం పుట్టుకతోనే ఉంది, పల్చటి పూతలుగానే వెయ్యాలి. నీళ్ళకి చెదరకూడదనుకుంటే బంక బదులు అక్రిలిక్ మీడియం కలుపుకోండి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా. మార్కాపురం పలకల పొడి, చీమకుర్తి గ్రానైట్ కోసిన దుమ్ము, ఇవి చూడ్డానికి అందమైన బూడిద రంగులే, కానీ ఆ పొడిలో సిలికా ఉంటుంది, పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, పలకల పనిలో, రాళ్ళ పనిలో జీవితాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టుపక్కల ఉన్నాయి. పొడిగా నూరొద్దు, ఊదొద్దు, చిన్నపిల్లల దగ్గర పెట్టొద్దు. బూడిద రంగు కావాలంటే బొగ్గు, సున్నపు తెలుపు, నీలం కలిపి తెచ్చుకోవచ్చు. మామూలు మట్టి నూరేటప్పుడు కూడా ముక్కుకి గుడ్డ కట్టుకోండి, వీలైనంత వరకు తడిగానే నూరండి.

రంగులయ్యాయి, ఇక నేల. చెక్క తీసుకుని ముందు మొత్తం ఎర్రమట్టి రంగు పూసెయ్యండి, ఆకాశం వచ్చేచోట కూడా. ఆరాక దాని మీద మిగతాది కట్టుకుంటా రండి, ఆకాశం పూసేటప్పుడు అక్కడక్కడా కింద ఎరుపు సన్నగా కనపడేట్టు వదిలితే వేడిగాలి కదుల్తున్నట్టు ఉంటుంది, ఇది వేరే ఏ కిటుకుతోనూ రాదు. ఆకాశం అంటే నీలం అని చెయ్యి దానంతట అదే పోతుంది, ఆపండి. ఎండాకాలంలో మన ఆకాశం నడినెత్తిన కొంచెం నీలం, కిందికి వచ్చేకొద్దీ దుమ్ముతో తెల్లగా, నేలని తాకేచోట దాదాపు పల్చటి గోధుమ రంగు. తెలుపులో చిటికెడు ఆకర్, ఇంకా తక్కువ నీలం. అదే ఒక వాన పడ్డ మర్నాడు చూస్తే దుమ్మంతా దిగిపోయి వెలికొండలు చేత్తో తాకేంత దగ్గరగా ఉంటాయి, ఆ రోజు ఆకాశం వేరు, దాన్ని వేరే బొమ్మగా వెయ్యండి, రెండూ కలపొద్దు.

కొండలు దూరం పోయేకొద్దీ ఎరుపు తగ్గి నీలం, తెలుపు పెరుగుతాయి, అంచులు మెత్తబడతాయి. ఉదయగిరి వైపు దుర్గం కొండని పొద్దున్నే దూరంనుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది, ముందున్న గుట్ట గోధుమ, వెనకది ఊదా, దుర్గం నీలం బూడిద. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి ఒడిశా గజపతుల దగ్గర్నుంచి గెల్చుకున్న కొండ అది, దాని మీద కోటగోడ వెయ్యాలని మనసు లాగుతుంది గానీ అంత దూరంనుంచి రాళ్ళు లెక్కపెట్టేట్టు వేస్తే కొండ ఆటబొమ్మ అయిపోతుంది. ఒక్క గీత విరిగినట్టు పెట్టి వదిలెయ్యండి.

ఎండిన చెరువు అడుగు, కంభం చెరువు లాంటిదైనా మీ ఊరి కుంటైనా, పగుళ్ళు వెయ్యాల్సి వస్తే వలలాగా గళ్ళు గీయొద్దు. దగ్గర కూర్చుని చూడండి, పగుళ్ళు చాలా చోట్ల మూడేసి కలుస్తాయి, పెద్ద పగులు ముందొచ్చి దాన్నుంచి చిన్నవి పుడతాయి, ఒక్కో పెంకు అంచులు పైకి లేచి ఉంటాయి. ఆ లేచిన అంచు కింద సన్నటి నీడ, అంచు మీద సన్నటి వెలుగు, ఈ రెండు గీతలు పడితే పెంకు లేచి చేతికొస్తుంది. దగ్గరవి నాలుగైదు శ్రద్ధగా వేసి, దూరంవి అడ్డంగా నొక్కేసిన గీతలుగా పోనివ్వండి. పెన్న ఇసుకలో గాలి గీసిన మడతలు కూడా ఇట్టాంటివే, గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది, అవతల వైపు నిట్టగా పడుతుంది, నీడ తెచ్చేది ఆ నిట్టవైపు.

తాడిచెట్టు తలని చాలామంది విసనకర్రలాగా ముందుకి తిప్పి అతికిస్తారు. అది బంతి. ఆకులు మనవైపు కూడా వస్తాయి, అవతలికీ పోతాయి, ముదురాకులు ఎండి కిందికి వేలాడుతుంటాయి. చిల్లచెట్టుకి మాను వెతకొద్దు, అది నేలనుంచే నాలుగైదు కొమ్మలుగా విల్లులా వంగి పైకొస్తుంది, మధ్యలో ఆకాశం చిల్లులు చిల్లులుగా కనపడాలి. తంగేడు పూసే కాలంలో అయితే ఆ పసుపు ఒక్కచోటే పెట్టండి, బొమ్మంతా చల్లితే విలువ పోతుంది.

జీవాల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి, ఎందుకంటే మనవైపు వాళ్ళు బొమ్మ చూసి ముందు తప్పు పట్టేది అక్కడే. నెల్లూరు గొర్రె కాళ్ళు పొడుగు, ఒంటి మీద ఉన్ని గుబురు ఉండదు, పొట్టి వెంట్రుకలే, దాదాపు మేకలా నిలబడుతుంది. మొత్తం తెల్లగా ఉంటే పల్ల అంటారు, తెల్ల ఒంటికి కళ్ళ చుట్టూ మూతి దగ్గర నల్ల మచ్చలుంటే జోడిపి. ఇంగ్లీషు పిల్లల పుస్తకాల్లో ఉండే ఉన్నిబంతి గొర్రెని తెచ్చి కనిగిరి బీట్లో పెట్టొద్దు. ఒంగోలు ఎద్దుకి మూపురం ముందుకాళ్ళ పైన వస్తుంది, వీపు మధ్యలో కాదు, కొమ్ములు పొట్టి, మెడ కింద గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది, కోడెలకి తల, మెడ, మూపురం దగ్గర బూడిద నలుపు తిరుగుతుంది. తెల్ల ఆవుని తెల్ల రంగుతో వెయ్యొద్దు. సాయంత్రం ఎండ తగిలే వైపు ఆకర్ కలిసిన తెలుపు, నీడ వైపు నీలం ఊదా, పొట్ట కింద మాత్రం ఎర్రనేల వెలుగు తిరిగి తగిలి పల్చటి గులాబీ ఎరుపు ఉంటుంది. ఆ పొట్ట కింద ఎరుపు పెట్టగానే ఆవు ఆ నేల మీద నిలబడినట్టు అవుతుంది, అంతకుముందు అతికించినట్టు ఉంటుంది. ట్యూబులోని స్వచ్ఛమైన తెలుపు చివర్లో ఒకటి రెండు చోట్ల, మూపురం అంచుకో కొమ్ము మొదట్లోనో, చిన్న తాకుడు అంతే.

ఇప్పుడు కథని ఇందులోకి తేవడం. ఇక్కడే ఎక్కువమంది యుద్ధం వేస్తారు, కత్తులు, గుర్రాలు, కిరీటాలు, అంతా టీవీ సీరియల్లాగా తయారవుతుంది. యుద్ధం ముందున్న ఘడియ వెయ్యండి, లేకపోతే తర్వాతది. కాటమరాజు కథలో మంద కదిలే పొద్దు వెయ్యండి, ముప్పాతిక భాగం ఎండిన నేల, పైన సన్నటి ఆకాశం, మధ్యలో దుమ్ము లేచి ఆవులు సగం కనపడీ కనపడకుండా, ముందు ఒక్క మనిషి గొంగడి భుజానేసుకుని కర్ర పట్టుకుని వెనక్కి తిరిగి ఊరివైపు చూస్తా ఉంటాడు. మనిషిని చిన్నగా వెయ్యండి. కరువంటే మనిషి చిన్నవాడవడమే కదా.

ఇంకో ఘట్టం నాకు చాలా ఇష్టం. ఖడ్గతిక్కన మొదట ఓడి ఇంటికొచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు పెట్టి, ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డం నిలబెట్టి, పసుపుముద్ద పక్కన పెట్టింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది, పాలు విరిగాయేందమ్మా అంటే నువ్వు విరిగావు, పసులు విరిగాయి, పాలు కూడా విరిగాయి అన్నట్టు చెప్పిందంట. ఆయన మళ్ళీ యుద్ధానికి పోయి ప్రాణాలిచ్చాడు. దీన్ని వెయ్యాలంటే మనుషుల మొహాలే అక్కర్లా. ఇంటి పెరడు, నిలబెట్టిన నులకమంచం, దాని నీడ గళ్ళుగళ్ళుగా నేల మీద, రాగి కాగులో నీళ్ళు, రాతి మీద పసుపుముద్ద, అంచున ఒక కత్తి. మొత్తం బొమ్మ మట్టిరంగుల్లో ఉంచి పసుపు ఒక్కటే వెలిగేట్టు పెట్టండి, కథ తెలిసినోళ్ళు ఆ ముద్ద చూసి ఆగిపోతారు, తెలియనోళ్ళు ఇదేందని అడుగుతారు, అప్పుడు కథ చెప్పొచ్చు.

కథలు పుస్తకాల్లోనే వెతకొద్దు. మీ ఊరి అంకమ్మ, పోలేరమ్మ, గంగమ్మ కొలుపుల్లో పాడేవాళ్ళున్నారు, మందలు కాసే పెద్దోళ్ళున్నారు. "తాతా, ఈ గుట్టకి ఈ పేరెందుకొచ్చింది" అని అడిగి కూర్చోండి, ఫోను ఎదురుగా పెట్టి రికార్డు చెయ్యాలంటే ముందు అడగండి, వద్దంటే వద్దు. కొలుపులో కొన్ని ఘట్టాలు, కొన్ని రూపాలు బయట చూపకూడదని చెప్తే ఆ మాట వినండి, అవి వెయ్యొద్దు. కథ వాళ్ళ కులదేవతది, వాళ్ళ తాతముత్తాతలది, మనం బొమ్మేసి అమ్ముకుంటే ఎవరి నోటినుంచి విన్నామో వెనక రాయండి, డబ్బొస్తే పాడినోళ్ళకి ఇవ్వండి. బొమ్మ పూర్తయ్యాక ముందు చూపించాల్సింది కూడా వాళ్ళకే. "కర్ర అట్టా పట్టుకోరబ్బయ్యా" అని ఒక్క మాటంటారు, ఆ మాట ఏ ఆన్‌లైన్ క్లాసులోనూ దొరకదు.

ఫోటో చూసి వెయ్యొచ్చా అని అడుగుతారు. గుర్తు కోసం తీసుకోండి, దాన్నే దించొద్దు. మన ఎండలో ఫోన్ కెమెరా ఆకాశాన్ని తెల్లగా కొట్టేస్తుంది, నీడల్ని నల్లగా మింగేస్తుంది, కంటికి మాత్రం ఆ నీడలో నీలం, ఊదా, నేలనుంచి తిరిగొచ్చిన ఎరుపు అన్నీ కనపడతాయి. ఫోన్ ఇంకో పనికి బాగా పనికొస్తుంది, మీ బొమ్మనే ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, అంతా ఒకే బూడిదగా కనపడితే రంగులు ఎంత బాగున్నా వెలుగునీడ కుదర్లేదని అర్థం, ముదురు ఇంకా ముదురు చెయ్యాలి. అద్దంలో తిప్పి చూస్తే వంకరలు కూడా బయటపడతాయి.

వారంలో కుదిరినన్ని పొద్దుల్లో చూసి వేసే ఒక చిన్న కసరత్తు బొమ్మ, నెలకో పెద్ద బొమ్మ, అంత చాలు. అదే చోటుని ఎండాకాలం, తొలకరి, నవంబరు వానలు, సంక్రాంతి మంచు అన్నిట్లో వెయ్యండి. చోటు మార్చాలనే ఆత్రం వస్తుంది, ఆగండి, ఒక బీడుని ఏడాదంతా చూసినోడికి మిగతా బీళ్ళు తొందరగా లొంగుతాయి.

చివరగా దాచుకోవడం. మన దగ్గర అక్టోబరునుంచి డిసెంబరు దాకా వానలు, నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రపు తేమ కూడా తోడవుతుంది, బంక కలిపిన మట్టిరంగుల మీద బూజు చుక్కలు పడేది ఆ నెలల్లోనే. వాటిని అద్దం వేసి ఫ్రేమ్ కట్టించండి, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ అట్ట పెట్టించి ఖాళీ ఉంచమని ఫ్రేము కట్టేవాళ్ళకి చెప్పండి, అద్దం నేరుగా తగిలితే తేమకి అతుక్కుంటుంది. అక్రిలిక్ బొమ్మలకి అద్దం అక్కర్లా, రెండు మూడు వారాలు బాగా ఆరాక వార్నిష్ పల్చగా రెండు పూతలు, మెరుపు లేని మ్యాట్ రకం తీసుకోండి, మెరిసే వార్నిష్ పూస్తే ఎర్రనేల తడిసినట్టు కనపడుతుంది. గోడకి తగిలించేటప్పుడు వెనక కింద రెండు మూలలకి చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, గాలి ఆడుతుంది. మిగిలిన మట్టిపొడులు సీసాల్లో పోసి మూత బిగించి, ఊరి పేరు చీటీ సీసాకి అంటించి పెట్టుకోండి, మూత మీద అంటిస్తే మూతలు మారిపోయినప్పుడు ఏ ఊరిదో తెలియదు.